పాత అంబాసిడర్‌కు కొత్త భాగాలు: ముందు బ్రేకు, తరువాతే వేగం

నరసాపురం: అంబాసిడర్ కార్లను తయారుచేసిన కలకత్తా సమీపంలోని ఉత్తరపారా కర్మాగారం 2014 మే నెలలో ఉత్పత్తి నిలిపివేసింది. 2017లో ఆ పేరును సైతం 80 కోట్ల రూపాయలకు ఫ్రెంచి కంపెనీ ప్యూజో కొనుక్కున్నది. అయినా డెల్టా గ్రామాల్లో ఆ బండి పూర్తిగా కనుమరుగు కాలేదు. నాన్నగారు కొన్న కారని మమకారం కొద్దీ సావిట్లో ఉంచుకున్నవారున్నారు. పెళ్ళిళ్ళ సీజనులో అలంకరించి అద్దెకు తిప్పుకునేవారున్నారు. కంపెనీ మూతపడిన బండికి విడిభాగం ఎక్కడినుంచి వస్తుంది? ఊళ్ళోని లేత్ షాపు నుంచే రావాలి.

దొరకని భాగానికి నకలు చేయించుకోవడం ఒక ఎత్తు. అసలు దానికంటె మెరుగైన భాగం చేయించి బిగించుకోవడం మరొక ఎత్తు. ఇప్పుడు పాత బండ్ల యజమానులు, ముఖ్యంగా కుర్రకారు, ఈ రెండవ దానిపై మోజు పడుతున్నారు. పడవలసిందే, తప్పు లేదు. కాని వారు మొదట అడిగేది వేగం. పాత బండికి మొదట కావలసినది వేగం కాదు.

పనితనం విషయంలో మన ప్రాంతం ఎవరికీ తీసిపోదు. 17వ శతాబ్దంలో యూరపు వర్తకులు నరసాపురం, మాధవాయిపాలెం రేవుల్లో ఓడలు కట్టించుకున్నారు, మరమ్మతులు చేయించుకున్నారు. ఆ వడ్రంగులు, కమ్మరులు ఈ నేల మనుషులే. తరువాత బియ్యపు మిల్లులు, ఆయిల్ ఇంజన్లు, కాలువల్లో తిరిగిన లాంచీలు, వేట బోట్లు, ఈనాడు రొయ్యల చెరువుల ఏరియేటర్లు మన టర్నర్లను పోషించాయి. షాఫ్టు అరిగితే కొత్త షాఫ్టు, పళ్ళు విరిగితే కొత్త గేరు అడిగిన సాయంత్రానికే చేసి ఇవ్వగల చేతులివి. అంబాసిడర్ వీరికి బ్రహ్మవిద్య కాదు.

చాలామందికి తెలియని విశేషం ఒకటున్నది. 1959 నుంచి అంబాసిడర్‌కు అమర్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను ఇంగ్లండులో పుట్టినది. అదే వంశపు ఇంజనును అదే 1489 సి.సి. కొలతతో 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే పందెపు తరహా కారుకు అమర్చారు. అంబాసిడర్‌కు ఒక్క కార్బురేటరు, దానికి రెండు. మన బండిది సుమారు 50 గుర్రాల శక్తి, దానిది 70కి దగ్గర. అంటే మన సావిట్లో ఉన్న బండి ఒక స్పోర్ట్స్ కారుకు పెత్తండ్రి బిడ్డ. ఇది వినగానే మన కుర్రవాళ్ళు రెండు కార్బురేటర్ల కోసం బయలుదేరుతారన్నది ఊహించదగినదే!

అయితే ఆ కథలో తరువాతి ఘట్టం కూడా వినాలి. 1959లో ఎం.జి.ఎ. ఇంజనును 1588 సి.సి.కి పెంచారు. ఆ ఏడాదే, ఆ మార్పుతోపాటే, ముందు చక్రాలకు డ్రమ్ము బ్రేకులు తీసివేసి డిస్క్ బ్రేకులు పెట్టారు. 1962లో వచ్చిన ఎం.జి.బి.కి ఇంజను 1798 సి.సి. అయింది, డిస్కులు మొదటినుంచే ఉన్నాయి. శక్తి పెంచినవారు ఆపే సాధనాన్నీ పెంచారు. మన దగ్గర ఇంజను మారుస్తున్నారు, డ్రమ్ములు మాత్రం తాతలనాటివే ఉంచుతున్నారు.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. డీజిలు చవకగా ఉన్న రోజుల్లో పెట్రోలు అంబాసిడర్లకు, జీపులకు మెటాడోర్ వంటి వ్యానుల డీజిలు ఇంజన్లు బిగించుకున్నవారు ఎందరో. ఇంజను బరువెక్కింది, ముక్కు వంగింది, స్ప్రింగులు కూలబడ్డాయి. బ్రేకు సంగతి ఎవరూ అడగలేదు. అప్పట్లో గతుకుల రోడ్లు బండిని 50 కిలోమీటర్లు దాటనిచ్చేవి కావు గనుక గడిచిపోయింది. నేడు 216వ నంబరు జాతీయ రహదారిపై పాత బండి సైతం 80, 85 అందుకుంటుంది. 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిని ఆపడానికి బ్రేకు ఎంత వేడిని మింగాలో, 85 కిలోమీటర్ల వేగంలో దానికి రెట్టింపు మింగాలి. వేగం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, వేడి మాత్రం రెట్టింపయింది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు జారుతుంది. పెడల్ నొక్కుతూనే ఉంటారు, బండి పోతూనే ఉంటుంది. పక్కన ఉన్నది కాలువ.

వానాకాలం సంగతి చెప్పనక్కరలేదు. రోడ్డుమీద మోకాలులోతు నీళ్ళలో నడిచి వచ్చిన డ్రమ్ములో నీరు చేరితే ఆరేదాకా బ్రేకు నామమాత్రమే. డిస్కు బయటికి ఉంటుంది గనుక తిరుగుతూనే నీటిని విదిలించుకుంటుంది. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కించడానికి కారును ఏటవాలులో దింపిన డ్రైవరుకు బ్రేకు విలువ వేరే వివరించనక్కరలేదు.

కనుక మన లేత్ షాపులు అంబాసిడర్‌కు తయారుచేయదగిన మొదటి భాగం ఏది అంటే, ముందు చక్రాలకు డిస్కు అమర్చుకునే సరంజామా. అంతకంటె ముందు, రెండు భాగాల మాస్టర్ సిలిండరు. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిలు దారి. ఒక గొట్టం తెగితే నాలుగూ పోతాయి. రెండు భాగాల సిలిండరు అయితే ఒక దారి పోయినా రెండు చక్రాలకైనా బ్రేకు మిగులుతుంది. ఇది కొత్తగా కనిపెట్టవలసినది కూడా కాదు. నేటి కార్లన్నిటికీ ఉన్నదే. సరైన కొలత ఉన్నదానిని ఎంచి, బిగించే బ్రాకెట్టు, పెడల్ కడ్డీ చేసుకుంటే చాలు.

డిస్కు పని అంత తేలిక కాదు. వేరే కారు కాలిపర్ తెచ్చి, గ్యాసుతో కోసిన ఇనుపరేకు బ్రాకెట్టుకు వెల్డింగు పెట్టి తగిలించడం డిస్కు బ్రేకు అమర్చడం అనిపించుకోదు. కాలిపర్‌కు డ్రమ్ము కంటె ఎక్కువ ఆయిలు కావాలి. పాత సిలిండరే ఉంచితే పెడల్ అడుగంటుతుంది. డ్రమ్ముల సిలిండరులో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఒకటి ఉంటుంది. దానిని తీయకపోతే డిస్కు ఎప్పుడూ ఒరుసుకుంటూ కాలిపోతుంది. ముందు బ్రేకు బలమెక్కినప్పుడు వెనుక బ్రేకుతో పొత్తు కుదర్చాలి, లేకుంటే తడి రోడ్డుమీద వెనుక చక్రాలు ముందే బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. ఇన్ని లెక్కలున్నాయి గనుకనే ఇది ఒక్క మేస్త్రీ ఒక్క రోజులో చేసే పని కాదు.

ఇంగ్లండులో ఈ పని ఎలా సాగుతున్నదో చూడదగినది. ఎం.జి.బి. తయారీ 1980లో ఆగిపోయింది. అప్పటికి 5 లక్షలకు పైగా బండ్లు రోడ్డెక్కి ఉన్నాయి. 1988లో పాత అచ్చులు తిరిగి బయటికి తీసి ఆ కారు బాడీనే కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టారు. ఇక చిన్న చిన్న షాపులు అయిదు గేర్ల పెట్టెలు, పాయింట్లు అక్కరలేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్లు, అల్యూమినియం హెడ్లు చేసి అమ్ముతున్నాయి. అక్కడివారు మనకంటె తెలివైనవారని కాదు. ఒకసారి కుదిరిన కొలతను కాగితం మీద గీసి ఉంచుతారు. మన షాపుల్లో కొలత మేస్త్రీ బుర్రలో ఉంటుంది. ఆయన మంచాన పడితే భాగం కూడా మంచాన పడినట్లే.

పోత పోసిన ముక్క సంగతి కూడా అంతే. పైకి నున్నగా ఉన్నంత మాత్రాన లోపల గట్టిగా ఉన్నదని చెప్పలేము. ముక్కను కిరసనాయిలులో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి అద్దితే పగులు ఉన్నచోట చార తేలుతుంది. పాత మేస్త్రీలందరికీ తెలిసిన ఈ పరీక్షకు పావలా ఖర్చు లేదు. అయినా ఎన్ని షాపుల్లో చేస్తున్నారు?

బ్రేకు తరువాతి స్థానం ఆయిలు గొట్టాలది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలపడం జరిగింది. చెరకు, బియ్యం, మొక్కజొన్నల నుంచి తీసే ఈ సారం రైతుకు మేలేనన్న వాదన అలా ఉంచితే, పాత అంబాసిడర్ దీనికోసం తయారైన బండి కాదు. పాతరకం రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్‌లు ఉబ్బి, మెత్తబడి, పగులుతాయి. పైగా ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన సముద్రపు గాలికి టాంకు తుప్పు మరింత త్వరపడుతుంది. ఎథనాల్‌కు తట్టుకునే వైటాన్ రబ్బరు వాషర్లు, గొట్టాలు ఒక సెట్టుగా కూర్చి అమ్మితే కొనేవారికి కొదవ ఉండదు. పెట్రోలు కారి వేడి ఇంజనుపై పడితే ఏమవుతుందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

రెండు కార్బురేటర్లు, పెద్ద సైలెన్సరు, వెడల్పు టైర్లు అన్నవి ఆ తరువాత చూసుకోవచ్చు. అసలు చూసుకోకపోయినా నష్టం లేదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం సవరించిన చట్టం ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5 వేల రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఇంజను మార్చదలచినవారు ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. 50 ఏళ్ళు దాటిన బండిని అసలు రూపంలో ఉంచుకుంటే 2021 నిబంధనల కింద వింటేజ్ కారుగా నమోదు చేసుకోవచ్చు. కాని దానిని రోజువారీ తిరుగుళ్ళకు వాడరాదు, పెళ్ళి బాడుగలకు అసలే పనికిరాదు.

చట్టం ఉండవలసిందే. చెవులు చిల్లులు పడే సైలెన్సర్లతో వీధుల్లో తిరిగేవారిని పట్టుకోవలసిందే. అయితే అరిగిన భాగానికి బదులు మంచిభాగం వేయడానికీ, బండి స్వరూపం మార్చడానికీ మధ్య గీత ఎక్కడున్నదో మేస్త్రీకి చెప్పేవారు లేరు. తెలియక చేసిన పనికి ప్రమాదం తరువాత బీమా కంపెనీ పేచీ పెడితే యజమాని నెత్తిన పడుతుంది. ఇటువంటి పరీక్షలకు పేరుపడిన సంస్థ పూనాలో ఉన్నది. 1966లో ఏర్పడిన ఆ సంస్థకు పెద్ద కంపెనీలు వెళ్ళగలవు గాని, పాలకొల్లు లేత్ షాపు యజమాని ఒక బ్రాకెట్టు పట్టుకుని పూనా రైలెక్కగలడా?

ఆ అవసరం లేకుండా చేయవచ్చు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉన్నది. భీమవరంలో 1980 నుంచి ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగు కళాశాల, నరసాపురం చేరువనే సీతారామపురంలో మరొక ఇంజనీరింగు కళాశాల ఉన్నాయి. లోహాన్ని లాగి, నొక్కి బలం చూసే యంత్రాలు ఇటువంటి కళాశాలల్లో విద్యార్థుల పాఠాల కోసం ఉండేవే. నెలకు ఒక రోజు వాటిని లేత్ షాపుల వారికి తెరిచి, తగుమాత్రం రుసుము తీసుకుని, ముక్క బలాన్ని కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ రోజున మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి ఏ మార్పుకు అనుమతి కావాలో, దేనికి అక్కరలేదో అక్కడికక్కడే చెప్పాలి. భాగం మీద షాపు గుర్తు, వరుస నంబరు అచ్చు వేయించాలి. బ్రాకెట్టు విరిగితే ఎవరు చేశారో, ఏ పోతలో చేశారో తెలియాలి. భీమవరం జిల్లా కేంద్రమై 2022 ఏప్రిల్ నుంచి అధికారులందరూ దగ్గరలోనే ఉన్నారు గనుక ఈ ఏర్పాటుకు హైదరాబాదు, అమరావతి తిరగవలసిన పని కూడా లేదు. వచ్చే పెళ్ళిళ్ళ సీజనులోగా మొదటి పరీక్ష రోజు ప్రకటించవచ్చు.