అట్టలేని చందమామ

పాత పుస్తకం అనగానే "కండిషన్ ఎలా ఉందండీ?" అని మొట్టమొదట అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. పెళ్ళిచూపుల్లో పిల్ల రంగు అడిగినట్టుంటుంది. చదువూ, గుణమూ, మాటతీరూ తర్వాత సంగతి. ముందు ఒంటిమీద మచ్చ ఉందా లేదా అన్నదే ప్రశ్న!

ఇప్పుడు పాత చందమామల బేరం అలాగే సాగుతోంది. 1947 జులైలో పుట్టిన పత్రిక. ఈనాడు రావడం లేదు. ఇక కొత్త సంచిక లేదు గనక పాతవాటికి గిరాకీ వచ్చింది. గిరాకీ వచ్చాక దళారీ రాకుండా ఉంటాడా? మడతపడని అట్ట, పేరు రాయని పేజీ, తుప్పుపట్టని పిన్ను ఉంటే ఒక ధర. లేకపోతే అది చిత్తు. ఆ చిత్తులోంచే నేను కొంటాను. కట్ట విప్పి చూపించకుండా, ఉన్నది ఉన్నట్టు ఇచ్చేసేవి. బొబ్బిలిలో మా అమ్మమ్మ సంవత్సరాల వారీగా దాచుకున్న వరుసలో ఖాళీలు పూడ్చుకోవడానికి.

"మంచి కాపీ దొరికేదాకా ఆగలేవటమ్మా?" అంటారు మా వారి స్నేహితులొకాయన. ఆయనకి స్టాంపుల ఆల్బం ఉంది. పట్టకారుతో తప్ప ముట్టుకోరు. ఆ మడి స్టాంపులకి చెల్లుతుందేమో గాని చందమామకి ఎలా చెల్లుతుంది?

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కొడుక్కీ ఇలాంటి పిచ్చే ఒకటుంది. బేస్‌బాల్ అని, మన గూటీబిళ్ళకీ క్రికెట్టుకీ మధ్యరకం ఆట (వాడు వింటే కొడతాడు). ఆ ఆటగాళ్ళ బొమ్మలు అచ్చేసిన చిన్న అట్టముక్కల్ని ఒకప్పుడు సిగరెట్టు పెట్టెల్లోనూ, తర్వాత నమిలే బబుల్‌గమ్ పొట్లాల్లోనూ పెట్టి ఇచ్చేవారట. ఇప్పుడు వాటికి పరీక్షలూ మార్కులూనూ! 1991లో మొదలైన ఒక కంపెనీ ఒకటి నుంచి పదిదాకా మార్కులు వేసి, కార్డుని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసేస్తుంది. తర్వాత మరికొన్ని కంపెనీలూ వచ్చాయి. తొమ్మిదిన్నర మార్కులొచ్చిన మిక్కీ మాంటిల్ కార్డు, 1952 నాటిది, 2022లో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. మావాడికి అంత స్తోమతు లేదు. మార్కుల్లేని కార్డులు, మూలలు అరిగినవి, నాలుగు డబ్బులకి కొని వరుస పూర్తి చేసుకుంటున్నాడు. "అత్తయ్యా, నాకు సెట్టు కావాలి, సర్టిఫికెట్టు కాదు" అన్నాడు ఫోనులో. ఆ మాటకి వాణ్ణి మెచ్చుకున్నాను.

న్యాయంగా చెప్పాలంటే ఆ మార్కులకీ కారణం ఉంది. అంచులు కత్తిరించి, రంగులు పూసి, కొత్తగా అచ్చేసి పాతవని అంటగట్టే ఘనులుంటారు. కోట్లు పోసేవాడు పరీక్ష చేయించుకోవద్దూ? కాని అక్కడ కూడా, అదే 2022లో, హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు 72 లక్షల 50 వేల డాలర్లు పలికింది. దానికొచ్చిన మార్కులెన్నో తెలుసా? పదికి రెండు! అరుదైనదైతే మరకలతో సహా కళ్ళకద్దుకుంటారన్నమాట. ఇక మన వంద రూపాయల సంచికకి ఈ అగ్నిప్రవేశం దేనికి?

అసలు, మన ఇళ్ళల్లో పత్రిక నలగకుండా ఎలా ఉంటుందండీ? ఒక్క చందమామని ఆరిళ్ళవాళ్ళు చదివేవారు. "మళ్ళీ ఇచ్చేయవలెను" అని అట్టమీద పెన్సిలుతో రాసి మరీ ఇచ్చేవారు. అంచున పాలలెక్క, మధ్యలో పసుపు వేలిముద్ర, చివరి పేజీ మీద చంటాడి గీతలు. దళారీ వీటన్నిటినీ కలిపి "డ్యామేజీ" అంటాడు. అద్దాల బీరువాలో చెక్కుచెదరకుండా మిగిలినవి తాతగారి లా పుస్తకాలు. ఆడవాళ్ళు చదివినవి చిరిగాయి, అలమరలో అడుగున పరుచుకున్నాయి, పల్లీల పొట్లాలయ్యాయి. కనక మచ్చలేని కాపీలే దాచుకుంటామంటే, ఎవరూ చదవని కాపీలే దాచుకుంటామని చెప్పినట్టు. మన అమ్మలూ అమ్మమ్మలూ ఏం చదివారో చెప్పే సాక్ష్యం మాత్రం తూకానికి పోతుంది.

ఇది వట్టి అభిమానం మాట కాదు. విజయనగరంలో ఉండిన గురజాడ వారి 'దిద్దుబాటు' 1910లో అచ్చయింది. తెలుగులో మొదటి కథ అదేనని చాలాకాలం చెప్పుకున్నాం. అంతకు ముందే, 1902లోనే, 'హిందూసుందరి' అనే స్త్రీల పత్రికలో భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' వచ్చిందని ఇవాళ మనకి తెలుసు. ఎలా తెలిసింది? పాత సంచికల్ని ఎవరో పారెయ్యకుండా ఉంచబట్టి, ఇంకెవరో వెతకబట్టి. ఆ సంచిక అంచులు బాగున్నాయా అని అడుగుతారా ఎవరైనా?

మన శ్రీకాకుళంలోనే చూడండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. సాహిత్య అకాడెమీ బహుమతి సొమ్ము కూడా అందులోనే పెట్టారు. 2021లో పోయేదాకా ఆయన ధ్యాస అదే. అలాంటి పని పెట్టుకున్నవాడు కండిషన్ అడుగుతూ కూర్చుంటే ఒక్క బీరువా నిండదు. సంచిక దొరికితే సంచిక, లేకపోతే జిరాక్సు!

జిరాక్సంటే గుర్తొచ్చింది. "ఇంటర్నెట్‌లో స్కాన్లున్నాయి కదా, కొనడమెందుకు?" అని మా అమ్మాయి అడుగుతుంది. ఆ స్కాను ఆకాశంలోంచి ఊడిపడలేదమ్మా. ఎవరో ఒకరు తమ చిరుగుల కాపీని విప్పి, పేజీ పేజీ పరిస్తే వచ్చింది.

నాకు అన్నిటికంటె కడుపు రగిలేది మాత్రం ఇంకో సంగతికి. వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలోనే పుట్టారు. ఆయన వేసిన ముఖచిత్రాన్ని బ్లేడుతో కోసి, ఫ్రేము కట్టి, డ్రాయింగు రూములకి అమ్మేవాళ్ళున్నారు. లోపలి కథలన్నీ తూకానికి! అలా అట్టలూడిన కట్ట ఒకటి విజయనగరం పాతపేపర్ల కొట్లో దొరికింది నాకు. "ఇయి ఏటి సేసుకుంటావమ్మా?" అని కొట్టతను జాలిపడ్డాడు. అతనికి అట్టమీదే ధ్యాస. నాకేమో అందులో మూడు నెలల ఖాళీలు పూడాయి.

మీరూ కొనదలిస్తే మెరుపు చూడకండి, పేజీలు లెక్కపెట్టండి. మధ్య కాగితం ఊడిందేమో చూడండి. చెద పట్టినదాన్ని తక్కినవాటితో కలపకుండా ఎండలో కాస్సేపు దులపండి. సీరియల్ కత్తిరించుకున్న ఇల్లాలెవరైనా ఉంటే ఆవిణ్ణి తిట్టకండి. ఆ పేజీలు ఏదో ఇంట్లో దారంతో కుట్టి భద్రంగా ఉండే ఉంటాయి.

మా అమ్మమ్మ వరుసలో 1962 అక్టోబరు ఒక్కటే ఇంకా రాలేదు. మీ అటకమీద గనక ఉంటే, అట్ట లేకపోయినా, ఎలకలు కొరికినా ఫరవాలేదు. బేతాళకథ చివరి పేజీ ఉందో లేదో మాత్రం చూసి చెప్పండి.