ఆట మొదలవని సాయంత్రాలు

"ఆట లేదని మనిషి దిగులుపడటం కూడా ఒక జబ్బేనా, డాక్టరుగారూ?" అని అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం నుంచి ఒక సోదరి వ్రాశారు. ఆమె భర్త ఇరవై ఏళ్ళుగా డెట్రాయిట్ టైగర్స్ అనే బేస్‌బాల్ జట్టుకు వీరాభిమాని. 2022లో ఆటలు అనుకున్న రోజుకు మొదలు కాలేదు. అప్పుడు ఆయనకు నిద్ర తగ్గింది, చిరాకు పెరిగింది. సాయంత్రం ఒక గ్లాసుతో ఆపేవారు రెండు గ్లాసులకు వచ్చారు. ఇంట్లో ఉన్న డెబ్బయి నాలుగేళ్ళ మామగారి సంగతి ఇంకా కష్టం. ఆయనకు ఇంగ్లీషు రాదు. మనవడికి తెలుగు అంతంతమాత్రం. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టేది ఆ ఆట ఒక్కటే. ఆట లేకపోతే మనవడు తన గదిలోకి వెళ్ళిపోతాడు, తాతగారు మంచం ఎక్కుతారు. "మళ్ళీ అలా జరిగితే ఏం చేయాలి?" అని ఆమె అడుగుతున్నారు.

ఇది నవ్వి పక్కన పెట్టవలసిన ప్రశ్న కాదు. ఆట లేదన్న దిగులు జబ్బు కాదు. కాని ఆట ఖాళీచేసిన చోటులోకి జబ్బులు వచ్చి కూర్చోగలవు. ఆ చోటును ఎలా కాపాడుకోవాలో ఈ వారం చెప్పుకుందాం.

ఆరు నెలల అలవాటు

బేస్‌బాల్ తెలియని పాఠకులకు రెండు మాటలు. జట్టుకు తొమ్మిదిమంది. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు గుండ్రటి బ్యాటుతో కొడతాడు. ఇదంతా మన క్రికెట్‌కు దూరపు చుట్టమే. అసలు తేడా లెక్కలో ఉంది. అమెరికాలోని పెద్ద లీగులో మామూలుగా ఒక్కొక్క జట్టు మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరివరకు 162 ఆటలు ఆడుతుంది. అంటే వారానికి సుమారు ఆరు. చాలా ఆటలు సాయంత్రం ఆరున్నర, ఏడు గంటల వేళ మొదలవుతాయి. కాబట్టి అభిమానికి అది పండుగ వంటిది కాదు, సాయంత్రం కాఫీ వంటిది. పండుగ వాయిదా పడితే ఒకరోజు బాధ. కాఫీ ఆగిపోతే రోజూ తలనొప్పి.

ఇలా ఆలస్యం కావడం కొత్త కాదు. 1972లో ఆటగాళ్ళ సమ్మె వల్ల 86 ఆటలు పోయాయి, వాటిని తరువాత ఆడనేలేదు. 1990లో యజమానులు తలుపులు మూయడంతో ఆటలు ఒక వారం ఆలస్యమయ్యాయి. 1994 ఆగస్టు 12న మొదలైన సమ్మె ఆ ఏటి చివరి పోటీలను మింగేసింది. మరుసటి ఏడు ఆటలు ఏప్రిల్ 25న గాని మొదలు కాలేదు. 2020లో కోవిడ్ వల్ల మార్చిలో మొదలు కావలసినవి జూలై 23న మొదలై, జట్టుకు 60 ఆటలతో సరిపెట్టుకున్నాయి. 2022లో ఆటలు ఏప్రిల్ 7న మొదలయ్యాయి.

ఇందులో దిగులుపడేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. 1990లోనూ, 2022లోనూ ఆలస్యంగా మొదలైనా 162 ఆటలూ జరిగాయి. అంటే ఆ రెండుసార్లూ పోయింది ఆట కాదు, వేళ. 2022లో కుదిరిన ఒప్పందానికి 2026 డిసెంబరు 1 గడువుగా పెట్టుకున్నారు. ప్రతి గడువు దగ్గరా ఈ భయం ఉండేదే. కనుక ఉపాయం ముందే తెలిసి ఉండటం మంచిది.

సరిగ్గా ఏడింటికే చిరాకు ఎందుకు?

మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంది. ఇష్టమైనది దొరికినప్పుడే కాదు, దొరకబోతున్నదన్న సూచన అందగానే దాన్ని విడుదలచేసే కణాలు చురుకుగా పనిచేస్తాయి. కోతులకు ఒక దీపం వెలిగిన తరువాత పండ్లరసం ఇవ్వడం అలవాటు చేసి పరీక్షించారు. కొన్నాళ్ళకు దీపం చూడగానే ఆ కణాలు మేలుకొనేవి. దీపం వెలిగి, రసం మాత్రం రాకపోతే, సరిగ్గా రసం రావలసిన క్షణానికే ఆ కణాల చురుకు మామూలుకంటే తగ్గిపోయింది.

మనిషి కోతి కాడు, నిజమే. కాని పగలంతా బాగానే ఉన్న మనిషి సాయంత్రం ఏడు కాగానే ఎందుకు గదిలో అటూ ఇటూ తిరుగుతాడో ఈ ప్రయోగం కొంత చెబుతుంది. 2020లో మార్చి 29న రావలసిన ఐ.పి.ఎల్. సెప్టెంబరు 19న అబూధాబీలో మొదలయ్యేవరకు మన ఇళ్ళల్లోనూ రాత్రి వేళ ఇదే అవస్థ చూశాం. కాబట్టి మందు వేయవలసింది రోజంతటికీ కాదు, ఆ వేళకు. ఆట లేకపోయినా ఆట వేళను నిలబెట్టండి. ఈ వారం నా సలహా అంతా ఇంతే. మిగిలినదంతా దీని వివరమే.

ఏం చేయాలి?

మొదటిది, వార్తలకు హద్దు. చర్చలు జరిగే రోజుల్లో గడువు మీద గడువు మారుతుంది. పది నిమిషాలకొకసారి ఫోను తీసి చూస్తే వెలిగే దీపం, రాని రసం! పగలు ఒకసారి చూడండి, చాలు. పడుకోబోయే ముందు అసలు వద్దు.

రెండవది, నడక. ఏప్రిల్ నెలలో మిచిగన్‌లో సాయంత్రం ఏడు దాటినా వెలుతురుంటుంది. ఆట మొదలయ్యే వేళకే అరగంట చురుకుగా నడవండి. వారానికి అయిదు రోజులు నడిస్తే 150 నిమిషాలు. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసపు లెక్క అదే. చలి ఎక్కువగా ఉంటే పెద్ద దుకాణ సముదాయాలలో లోపలే నడవవచ్చు.

మూడవది, తాతా మనవళ్ళ సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ముసలితనంలో ఒంటరితనం మనసునే కాదు, గుండెనూ జ్ఞాపకశక్తినీ కూడా దెబ్బతీస్తుంది. కనుక ఆ ఇద్దరినీ అదే వేళకు, అదే సోఫాలో కూర్చోబెట్టండి. పాత ఆట ఒకటి పెట్టండి. ఒక కాగితం, పెన్సిలు ఇవ్వండి. బేస్‌బాల్‌లో ఆటను కాగితం మీద వ్రాసుకునే పాత పద్ధతి ఉంది. మైదానంలో నిలబడే ప్రతి స్థానానికీ ఒక అంకె. బంతి విసిరేవాడు 1, వెనుక పట్టేవాడు 2, మొదటి బేసు దగ్గర నిలబడేవాడు 3. ఇలా 9 దాకా. బంతి ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్ళి ఆటగాడు ఔటయ్యాడో అంకెల్లోనే వ్రాస్తారు. అంకెలకు ఇంగ్లీషూ అక్కరలేదు, తెలుగూ అక్కరలేదు. మనవడు నేర్పుతాడు, తాతగారు వ్రాస్తారు. ఏకాగ్రతకు ఇంతకంటే మంచి వ్యాయామం ఆ వయసులో దొరకదు.

నాలుగవది, దగ్గరలో జరిగే ఆట. 2020లో అన్నీ మూతపడ్డాయి కాని, 2022లో పెద్ద లీగు ఆగినప్పుడు చిన్న లీగులు వేళకే మొదలయ్యాయి. వసంతంలో బడిపిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు కూడా ఆడుతూనే ఉంటారు. వెళ్ళి చూడండి. మైదానం చిన్నదైతేనేం, గాలి అదే. మీరే బంతి విసరాలని సరదాపడితే, చలికాలమంతా బిగుసుకుపోయిన భుజాన్ని మొదటిరోజే పరీక్షించకండి. పది మెత్తని విసుర్లతో మొదలుపెట్టండి. తాతగారికి గట్టి బంతి వద్దు, మెత్తనిది ఇవ్వండి. కూర్చుని పట్టుకున్నా తప్పులేదు.

ఏం చేయకూడదు?

ఖాళీ అయిన వేళలోకి మొదట వచ్చేది గ్లాసు. మద్యం నిద్ర తెస్తుందని చాలామంది నమ్మకం. త్వరగా కునుకు పట్టేమాట నిజమే, కాని రాత్రి రెండవ సగంలో ఆ నిద్రను తానే చెడగొడుతుంది. తెల్లవారి చిరాకు, సాయంత్రం మళ్ళీ గ్లాసు. ఒక గ్లాసు రెండైందంటే ఇప్పుడే వెనక్కు తగ్గించండి. అయితే చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం ఒక్కసారిగా మానకూడదు. చేతులు వణకడం, చెమటలు, మతి తడబడటం, ఫిట్సు కూడా రావచ్చు. అటువంటివారు డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

రెండవ శత్రువు పందెం. 2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తరువాత చాలా రాష్ట్రాలలో ఆటలపై పందెం చట్టబద్ధమయింది, అదీ చేతిలోని ఫోనులోనే. 2020లో ఆటలన్నీ ఆగినప్పుడు, పేరైనా తెలియని రష్యా టేబుల్ టెన్నిస్ ఆటగాళ్ళ మీద డబ్బు ఒడ్డినవారున్నారు. అది ఆట మీద ప్రేమ కాదు, పందెం మీద యావ. పోయిన డబ్బు తిరిగి రాబట్టుకోవాలని మళ్ళీ కాయడం, ఇంట్లో దాచడం కనిపిస్తే సంకోచించక వైద్యసహాయం తీసుకోండి.

మూడవది, ప్రపంచంలో ఎక్కడ ఆట జరుగుతున్నా చూడాలన్న తహతహ. 2020 మే నెలలో కొరియా ఆటలను అమెరికాలో చూపించారు. చూసినవారు అర్ధరాత్రి దాటాక, లేదా తెల్లవారుజామున కూర్చున్నారు. ఆదివారం సరదాకు సరే, రోజూ అయితే నిద్ర పాడవుతుంది. పెద్దలకు ఏడు గంటల నిద్ర తప్పనిసరి. పగలు రికార్డు చూసుకోండి.

మరొక్క మాట. చాలా ఇళ్ళల్లో "ఆట మొదలయ్యే ముందు బి.పి. మాత్ర" అన్నది అలవాటు. ఆట లేకపోతే మాత్ర మరిచిపోతారు. చక్కెర వ్యాధి మందులూ అంతే. మందును ఆటకు కాక గడియారానికి ముడివేయండి.

నెపం ఆట మీదికి నెట్టకండి

ఉత్తరపు రాష్ట్రాలలో ఆటలు లేని కాలం, ఎండ లేని కాలం ఒకటే. కొందరికి ప్రతి ఏడూ చలికాలంలో దిగులు, అతినిద్ర, తీపి మీద యావ, బరువు పెరగడం వస్తాయి. 1984లో నార్మన్ రోసెన్‌థాల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని ఒక ప్రత్యేకమైన మనోవ్యాధిగా వర్ణించారు. వసంతం వస్తే అది తగ్గుతుంది. ఆటలు కూడా అప్పుడే మొదలవుతాయి గనుక "ఆట వచ్చింది, మావారు బాగయ్యారు" అనుకుంటాం. ప్రతి ఏడూ ఇలాగే జరుగుతుంటే అది ఆట సంగతి కాదు. ప్రకాశవంతమైన దీపపు కాంతితో, మాటలతో, మందులతో దానికి చికిత్స ఉంది.

అలాగే, దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో రెండు వారాలు దాటి దాదాపు రోజంతా ఉంటే, దానితోపాటు నిద్ర, ఆకలి, పని దెబ్బతింటే ఆటలు మొదలయ్యేదాకా ఆగకండి. డాక్టరును కలవండి. ముసలివారిలో దిగులు ఏడుపుగా కనిపించదు. తిండి తగ్గడంగా, ఒంటినొప్పులుగా, మాట్లాడకపోవడంగా కనిపిస్తుంది. పిల్లవాడు గది తలుపు వేసుకుంటే, వయసు ప్రభావమని వదిలేయకుండా ఒకసారి తట్టి మాట్లాడండి. బతుకు మీద విరక్తి మాటలు ఎవరి నోట వచ్చినా అది అత్యవసరం. అమెరికాలో 988కి, మన దేశంలో 14416కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

ఒక పరీక్ష చెబుతాను. పాత ఆట పెట్టినా, పిల్లవాడు బంతి తెచ్చి చేతికిచ్చినా మనిషి ముఖం కాస్త వికసించిందంటే అది ఆట లేని దిగులే కావచ్చు. పైన చెప్పిన మందు పనిచేస్తుంది. ఆట పేరెత్తినా ముఖం మారలేదంటే మాత్రం అతనికి లేనిది ఆట కాదు, ఆరోగ్యం. అప్పుడు మీరు ఎదురుచూడవలసింది సీజన్ కోసం కాదు. మర్నాడే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.