తుపాకీకీ మనిషికీ మధ్య మూడు రోజులు

అమెరికాలో ఏ బడిలోనో, ఏ షాపింగ్ మాల్‌లోనో కాల్పులు జరిగిన మర్నాడు తెలుగునాట వినిపించే ప్రశ్న ఒకటే: ఇంతమంది పోతున్నా ఆ దేశం తుపాకులను ఎందుకు నిషేధించదు? సహజమైన ప్రశ్నే. అయితే అది అడిగేటప్పుడు మన కళ్లముందు కదలాడేది రైఫిల్ పట్టుకుని జనం మీద పడ్డ ఒక అపరిచితుడు. 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీ పట్టణంలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపినవాడు అలాంటివాడే. ఆ ఘోరాన్ని తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు. కానీ అమెరికాలో తుపాకీ చావుల అసలు లెక్క వేరేగా ఉంది. వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకారం 2023లో తుపాకీ వల్ల చనిపోయినవారు 46,728 మంది. వారిలో హతులు 17,927 మంది కాగా, తమను తామే కాల్చుకున్నవారు 27,300 మంది. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురిని చంపింది వారి చేతిలోని తుపాకీయే. ఇక హత్యల్లోనూ టీవీల్లో పదేపదే చూపించే ఏఆర్-15 తరహా రైఫిళ్ల వాటా చిన్నది. 2020 తుపాకీ హత్యలపై ఎఫ్‌బీఐకి అందిన వివరాల్లో చేతి తుపాకులు 59 శాతం, రైఫిళ్లు 3 శాతం. మిగతావాటిలో చాలా కేసుల్లో తుపాకీ రకమే నమోదు కాలేదు. ఈ అంకెలన్నీ కలిపి చూస్తే, ఏ తుపాకీని నిషేధించాలన్న వాదనలో అమెరికా ముప్పై ఏళ్లుగా చాలా శక్తి వృథా చేసుకుందని నాకు అనిపిస్తుంది. ఎక్కువ ప్రాణాలు నిలిపే మార్గం మరొకటి ఉంది. కొనాలన్న ఆలోచనకూ తుపాకీ చేతికి రావడానికీ మధ్య కొన్ని రోజుల ఎడం పెట్టడం.

నిషేధం దారి ఎందుకు మూసుకుపోయిందో ముందు చూడాలి. 1791లో ఆమోదం పొందిన రెండో రాజ్యాంగ సవరణ మిలిషియా ప్రస్తావనతో మొదలై ఆయుధాలు కలిగి ఉండే హక్కుతో ముగుస్తుంది. ఆ హక్కు పౌర సైన్యానిదా, వ్యక్తిదా అన్న తగవు రెండు శతాబ్దాలకు పైగా నడిచింది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో, ఇంట్లో ఆత్మరక్షణ కోసం చేతి తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని తేల్చి, వాషింగ్టన్ నగరంలో 1976 నుంచి ఉన్న నిషేధాన్ని కొట్టేసింది. రెండేళ్ల తర్వాత షికాగో కేసులో అదే సూత్రాన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద తుపాకీ ప్రభుత్వం ఇస్తే దొరికే లైసెన్సు వస్తువు, హక్కు ఊసే లేదు. ఆ అలవాటుతో అమెరికాను చూస్తే దారి తప్పుతాం. పైగా ఆ దేశంలో పౌరుల చేతుల్లో సుమారు 39 కోట్ల తుపాకులున్నాయని 2018లో స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా. జనాభాను మించిన సంఖ్య. ఏది ఎవరి దగ్గరుందో చెప్పే జాతీయ రిజిస్టరు లేదు, దాన్ని తయారు చేయకూడదని 1986 నాటి చట్టమే కట్టడి చేసింది. 1996లో పోర్ట్ ఆర్థర్ కాల్పుల్లో 35 మంది చనిపోయాక ఆస్ట్రేలియా డబ్బిచ్చి వెనక్కు తీసుకున్నవి ఆరున్నర లక్షల తుపాకులు. మెచ్చుకోదగ్గ పనే, అమెరికాకు నమూనాగా మాత్రం పనికిరాదు.

ఎడం పెట్టడం ఎందుకు ముఖ్యమో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో 2009లో జరిగినదాన్ని బట్టి అర్థమవుతుంది. వారం కూడా తిరగకుండా, ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు ఒకే దుకాణంలో తుపాకులు కొని, కొన్న కొన్ని గంటల్లోనే ప్రాణం తీసుకున్నారు. దుకాణదారు కలత చెందాడు. ప్రజారోగ్య కార్యకర్తలతో కలిసి కొందరు అమ్మకందార్లే ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. నిరాశలో ఉన్న కొనుగోలుదారును ఎలా గుర్తుపట్టాలి, అమ్మకాన్ని ఎలా వాయిదా వేయాలి అన్నది దాని సారాంశం. తుపాకీ వ్యతిరేకులు కాదు, దాని మీదే బతికేవాళ్లు ఆ పని చేశారన్నది గమనించాలి. కాలిఫోర్నియాలో రెండు కోట్ల అరవై లక్షల మందిపై పన్నెండేళ్లు సాగి 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం, చేతి తుపాకీ ఉన్న పురుషులు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం లేనివారి కంటే దాదాపు ఎనిమిది రెట్లు. మహిళల్లో 35 రెట్లు. మొదటి తుపాకీ చేతికొచ్చిన తొలి రోజుల్లో ముప్పు అన్నిటికంటే ఎక్కువ. కాలిఫోర్నియాలో అప్పటికే పది రోజులు ఆగాలన్న నిబంధన ఉన్నా ఈ పరిస్థితి. తుపాకీ తీసుకొచ్చిపెట్టే ఈ ముప్పు అంతా ఒక్క లక్షణం చుట్టూ తిరుగుతుంది: అది రెండో ఆలోచనకు తావివ్వదు. తుపాకీతో చేసిన ప్రయత్నాల్లో పదిలో దాదాపు తొమ్మిది మరణంతో ముగుస్తాయి. ఇతర మార్గాలన్నీ కలిపి చూస్తే బతికి బయటపడేవారే అత్యధికులు, వారిలో అత్యధికులు ఆ తర్వాత ఆ దారిన పోరు.

చావాలనుకున్నవాడు ఏదో ఒక దారి వెతుక్కుంటాడు కదా అన్నది దీనికి వచ్చే మొదటి అభ్యంతరం. తెలుగువారికి దీని జవాబు కొంత అనుభవం మీదే తెలియాలి. మన పల్లెల్లో పురుగుమందు డబ్బా ఇంటి వసారాలో చేతికందేలా ఉండటం ఎన్ని కుటుంబాలను కూల్చిందో పత్తి పండించే జిల్లాల్లో అందరికీ ఎరుకే. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను విడతలవారీగా నిషేధించింది. 1995 తర్వాత రెండు దశాబ్దాల్లో అక్కడ ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా పడిపోయింది. అంతమంది మరో మార్గం పట్టలేదు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో సైనికులు వారాంతపు సెలవులకు తుపాకులు ఇంటికి తీసుకెళ్లడాన్ని ఆపింది. ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి, ఆ తగ్గుదల ఎక్కువగా వారాంతాల్లోనే. ఎవరి హక్కూ పోలేదు. ఆ ఉద్వేగం ముంచెత్తే గంటల్లో ఆయుధం దగ్గర లేదు, అంతే.

హత్యల సంగతి ఇంత తేలిక కాదు. కొనుగోలుకు నిరీక్షణ గడువు పెట్టిన రాష్ట్రాల్లో తుపాకీ హత్యలు సుమారు 17 శాతం తగ్గాయని 2017లో హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. మరోవైపు కొనుగోలుకు గడువు, తనిఖీ పెడుతూ 1994లో అమల్లోకొచ్చిన బ్రాడీ చట్టంపై ఫిలిప్ కుక్, జెన్స్ లడ్విగ్ 2000లో చేసిన పరిశీలనలో హత్యల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు, 55 ఏళ్లు దాటినవారి తుపాకీ ఆత్మహత్యలు మాత్రం తగ్గాయి. తొలి ఐదేళ్లలోపే, 1998లో, ఆ చట్టంలోని ఐదు రోజుల గడువు పోయి, నిమిషాల్లో పూర్తయ్యే కంప్యూటర్ తనిఖీ వచ్చింది. ఆ తనిఖీలోనూ ఒక లొసుగుంది. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే దుకాణదారు అమ్మేయవచ్చు. 2015లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిదిమంది నల్లజాతీయులను చంపినవాడికి తుపాకీ దక్కింది ఆ సందులోంచే. హత్యల విషయంలో ఇంకా బలంగా కనిపించే సాధనం లైసెన్సు. చేతి తుపాకీ కొనేముందు వేలిముద్రలిచ్చి, శిక్షణ పొంది, అనుమతి తెచ్చుకోవాలని కనెక్టికట్ 1995లో చట్టం చేసింది. మిసోరీ తనకున్న అలాంటి అనుమతి పద్ధతిని 2007లో రద్దు చేసింది. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకుల అంచనాల్లో కనెక్టికట్‌లో తుపాకీ హత్యలు తగ్గాయి, మిసోరీలో సుమారు పావువంతు పెరిగాయి. రెండు రాష్ట్రాల అనుభవం మీదే తీర్పు చెప్పేయలేమన్న మాట నిజమే. అయినా రెండూ ఎదురెదురు దిశల్లో నడిచి ఒకే విషయాన్ని సూచించడం కొట్టిపారేయదగింది కాదు. నేరస్థుడు చట్టం పాటించడు, లైసెన్సు ఎవరికన్న వెక్కిరింపుకు కూడా ఇక్కడే సమాధానం దొరుకుతుంది. నేరస్థుల తుపాకులు ఆకాశం నుంచి ఊడిపడవు. దాదాపు అన్నీ ఒకప్పుడు దుకాణంలో చట్టబద్ధంగా అమ్ముడైనవే. ఒకరి పేరు మీద మరొకరికి కొనిపెట్టే బినామీ బేరాల వల్ల, దొంగతనాల వల్ల అవి చేతులు మారతాయి. వేలిముద్రలిచ్చి పోలీసు స్టేషన్‌లో నిలబడాలంటే బినామీ వెనకాడతాడు.

గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. మాజీ భర్త చంపుతానని బెదిరిస్తున్న మహిళను మూడు రోజులు ఆగమనడం న్యాయమా? ఇది ఊహించి చెప్పే ఉదాహరణ కాదు. 2015లో న్యూజెర్సీలో తుపాకీ అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్న ఒక మహిళను మాజీ సహచరుడు ఇంటి వాకిట్లోనే పొడిచి చంపాడు. చట్టం ఇచ్చిన గడువును కూడా అధికారులు దాటేశారు. అదే ఏడాది విస్కాన్సిన్ తన 48 గంటల నిరీక్షణ నిబంధనను రద్దు చేసినప్పుడు వినిపించిన వాదనా ఇదే. దీన్ని దాటవేసే హక్కు నియంత్రణవాదులకు లేదు. కోర్టు రక్షణ ఉత్తర్వు ఉన్నవారికి గడువు మినహాయించడం, అధికారులు గడువు దాటితే అనుమతి తనంతట తానే మంజూరు కావడం చట్టంలోనే రాయాలి. దాంతోపాటు మరో నిజాన్నీ చెప్పాలి. చేతి తుపాకీ యజమానులతో కలిసి ఉంటున్నవారు హత్యకు గురయ్యే అవకాశం రెండు రెట్లకు పైగా ఉందని కాలిఫోర్నియాలోనే 2022లో వెలువడిన మరో అధ్యయనం చూపింది. ఇంట్లోకి వచ్చిన తుపాకీ ఎవరి చేతికి చిక్కుతుందో కొన్నవారి ఉద్దేశం నిర్ణయించదు.

లైసెన్సు అనగానే నల్లజాతి అమెరికన్లలో పుట్టే అనుమానానికి చరిత్ర ఆధారం ఉంది. అంతర్యుద్ధం ముగిశాక దక్షిణాది రాష్ట్రాల ‘బ్లాక్ కోడ్స్’ విముక్తులైన బానిసల చేతిలో ఆయుధం ఉండకూడదన్నాయి. 1967లో కాలిఫోర్నియాలో నిండు తుపాకులతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధించిన మల్ఫర్డ్ చట్టం నల్లజాతి ఉద్యమకారులైన బ్లాక్ పాంథర్లను ఉద్దేశించింది, దాని మీద సంతకం పెట్టిన గవర్నర్ రోనాల్డ్ రీగన్. నియంత్రణ ఎప్పుడూ ఉదారవాదుల సొత్తే అనుకునేవారు ఈ సంతకాన్ని గుర్తుంచుకోవాలి. 2021లో న్యూయార్క్ లైసెన్సు పద్ధతి సుప్రీంకోర్టు ముందుకొచ్చినప్పుడు పేదల తరఫున వాదించే అక్కడి పబ్లిక్ డిఫెండర్లలో కొందరు తుపాకీ హక్కుదారుల వైపే నిలబడ్డారు. కారణం, అధికారి ఇష్టాయిష్టాలతో నడిచే లైసెన్సు చివరికి ఎవరికి దక్కదో వారికి తెలుసు. కాబట్టి నేను సమర్థిస్తున్న లైసెన్సులో అధికారికి విచక్షణ ఉండకూడదు. షరతులు రాసి ఉండాలి, పూర్తిచేస్తే ఇచ్చితీరాలి, ఫీజు కూలి చేసుకునేవారికి అందుబాటులో ఉండాలి.

ఆ కేసులో 2022లో బ్రూయెన్ తీర్పు వచ్చాక అసలు చిక్కు మొదలైంది. తుపాకీ చట్టం నిలబడాలంటే దేశ చరిత్రలో దానికి పోలిక చూపాలన్నారు జస్టిస్ క్లారెన్స్ థామస్. గృహహింస ఉత్తర్వు కింద ఉన్నవారి నుంచి తుపాకీ తీసుకోవచ్చా అన్న రహీమీ కేసులో 2024లో ఆ కోర్టే కొంత వెనక్కు తగ్గింది. 1791 నాటి చట్టానికి నేటి చట్టం కవల కానక్కర్లేదు, సూత్రం కలిస్తే చాలంటూ 8-1తో తీర్పిచ్చింది. థామస్ ఒక్కరే విభేదించారు. ఐనా 2025లో ఒక ఫెడరల్ అప్పీలు కోర్టు న్యూమెక్సికో పెట్టిన ఏడు రోజుల గడువు హక్కుకు భంగమని, దానికి చారిత్రక పోలిక లేదని అంది. నాకిది చరిత్రను అరకొరగా చదవడంలా తోస్తుంది. 18వ శతాబ్దంలో పల్లెటూరి మనిషి తుపాకీ కొనాలంటే ప్రయాణం చేయాలి, తయారీ కోసం ఆగాలి. కోపం వచ్చిన పూటే కొని అదే పూట కాల్చే వీలు ఎక్కువమందికి ఉండేది కాదు. దూరమే గడువు విధించిన కాలంలో శాసనసభలు ప్రత్యేకంగా గడువు రాయాల్సిన అవసరం ఏముంది? చట్టం లేకపోవడాన్ని, అలాంటి చట్టం చేసే అధికారం లేకపోవడంగా చదవడం తర్కానికి నిలవదు.

రాజకీయంగానూ ఈ దారే నడవగలిగేది. 1994లో వచ్చిన అసాల్ట్ ఆయుధాల నిషేధం పదేళ్లకు గడువు తీరి పోయాక కాంగ్రెస్ దాన్ని మళ్లీ తేలేకపోయింది. 2018లో పార్క్‌లాండ్ బడిలో 17 మంది చనిపోయాక, తుపాకీ హక్కుల కోటగా పేరుపడ్డ ఫ్లోరిడాలో రిపబ్లికన్ శాసనసభ, రిపబ్లికన్ గవర్నర్ కలిసి అన్ని తుపాకులకూ మూడు రోజుల గడువు, 21 ఏళ్ల కొనుగోలు వయసు, ప్రమాదకరంగా మారిన వ్యక్తి నుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకీ తాత్కాలికంగా తీసుకునే ‘రెడ్ ఫ్లాగ్’ పద్ధతి మూడూ తెచ్చారు. వేటగాళ్ల రాష్ట్రమైన మెయిన్, లూయిస్టన్‌లో 18 మంది హతులయ్యాక 2024లో 72 గంటల గడువు పెట్టింది.

మన కుటుంబాలకు దీనితో సంబంధం దూరపుది కాదు. 2017లో కాన్సాస్‌లోని ఒలేథ్‌లో, 2023లో టెక్సస్‌లోని ఆలెన్‌లో తెలుగు ఇంజినీర్లు కాల్పుల్లో చనిపోయారు. మూడు రోజుల గడువు ఆ రెండు ప్రాణాలను కాపాడేదని నేను చెప్పను.  కానీ తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ టెక్సస్, జార్జియా రాష్ట్రాల్లో కొనుగోలుకు లైసెన్సూ లేదు, గడువూ లేదు. తాత్కాలిక వీసాపై ఉన్న విద్యార్థి సైతం వేట లైసెన్సు తెచ్చుకుంటే ఫెడరల్ చట్టం మినహాయింపు కింద తుపాకీ కొనుక్కోవచ్చు. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలంగాణ విద్యార్థి తన సొంత తుపాకీ ప్రమాదవశాత్తు పేలి చనిపోయాడు. ఒంటరితనం, అప్పు, ఉద్యోగ వేట, వీసా గడువు కలిసి కుంగదీసే వయసులోని పిల్లలు ఈ రాష్ట్రాల్లో వేలల్లో ఉన్నారు. తెలుగు సంఘాల మహాసభల్లో స్థిరాస్తి, పన్నుల సదస్సులకు ఎప్పుడూ చోటుంటుంది. ఇంట్లో తుపాకీ ఉంటే తూటాలు వేరుగా, రెండూ తాళంలో ఉంచాలని, మనసు బాగోలేని రోజుల్లో దాన్ని స్నేహితుడి ఇంట్లోనో దుకాణంలోనో దాచుకోవచ్చని, ఆత్మహత్య నివారణ నంబరు 988కి ఫోన్ చేస్తే ఏ గంటలోనైనా మాట్లాడే మనిషి దొరుకుతారని చెప్పే గంటసేపు కార్యక్రమం పెట్టడానికి ఏ శాసనసభ ఆమోదమూ, ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.