స్త్రీల ఫుట్‌బాలు లీగు - తెలుగువారి కర్తవ్యము

2025వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన ఈస్ట్ బెంగాల్ స్త్రీల జట్టు ఒడిశా జట్టును ఒక గోలుతో ఓడించి భారత స్త్రీల లీగునందు విజేత అయినది. ఓడిన జట్టు సామాన్యమైనది కాదు. అంతకు ముందటి యేడు ఆ లీగును గెలిచినది అదియే. ద్వితీయార్ధమున పడిన ఆ యొక్క గోలును వేసినది గుగులోతు సౌమ్య. ఈమె నిజామాబాదు జిల్లాలోని యొక తండాలో పుట్టి పెరిగిన తెలంగాణ యువతి. ఆ సంవత్సరమే అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెను దేశమున ఉత్తమ క్రీడాకారిణిగా గౌరవించినది. మన బిడ్డ కీర్తిగాంచినందుకు మన మెల్లరము సంతోషింపవలసినదే. కాని ఆమె ఆ కీర్తి నార్జించినది కలకత్తా క్లబ్బు పక్షమున. అంతకుముందు ఆడినది కేరళ క్లబ్బు పక్షమున. నడుమ క్రొయేషియా దేశమున జాగ్రెబ్ నగరపు జట్టునందును చేరియుండెను. తన ప్రతిభకు తగిన క్లబ్బు ఆమెకు తెలుగు సీమలో మాత్రము దొరకలేదు. ఈ లోపమును గూర్చియే నేడు పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

ఈ లీగు పుట్టి ఎన్నియో యేండ్లు కాలేదు. మొదటి పోటీ డిల్లీ నగరమున 2017 జనవరి నెలాఖరున ఆరంభమై ఫిబ్రవరి 14వ తేదీతో ముగిసినది. మూడు వారములైనను నిండకమునుపే ఋతువంతయు గడచిపోయినది! పిమ్మట కొన్ని సంవత్సరములు జట్లన్నియు ఏదో యొక నగరమున గుమిగూడి, కొలది దినములలో ఆటలు ముగించుకొని, ఎవరి త్రోవను వారు పోవుచుండెడివారు. అది తిరునాళ్ళవంటిదే గాని లీగు అనదగినది కాదు. 2023-24 ఋతువునుండి పద్ధతి మారినది. ప్రతి జట్టును తన యూర నొకమారు, ఎదిరి యూర నొకమారు ఆడవలెనని నిర్ణయించిరి. 2024-25లో ఎనిమిది జట్లు జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఒక్కొక్కటి పదునాలుగేసి ఆటలాడినవి. మొత్తము 56 ఆటలు.

ఈ మార్పు చూపునకు స్వల్పమైనను ఫలితమున గొప్పది. జట్టు తన యూర ఆడినప్పుడే ఆ యూరివారు దానిని తమదిగా నెంచుదురు. తల్లిదండ్రులు బిడ్డ ఆటను కన్నులార చూతురు. ఆ వీథిలోని పదేండ్ల బాలిక గట్టుమీద నిలిచి చూచి, తానును అట్లాడవలెనని కోరుకొనును. ఇరువది దినముల పోటీకొరకు ఏ క్లబ్బును సంవత్సరము పొడుగున శిక్షకుని, వైద్యుని, మైదానమును పోషింపదు. నాలుగు నెలల లీగుకొరకు పోషించును. అయినను నాలుగు నెలల జీతముతో పండ్రెండు నెలలు జీవించుట ఎవరికిని సాధ్యము కాదు గదా! కనుక లీగు ఇంకను దీర్ఘము కావలెను. మిగిలిన కాలమునకు ఆటకత్తెలకు వేరొక ఆధారమును ఉండవలెను.

ఆ ఎనిమిది జట్ల స్థానములను దేశపటమునందు గుర్తించి చూడుడు. వంగరాష్ట్రమునకు రెండు, ఒడిశాకు రెండు. కర్ణాటకమునకు, తమిళనాడునకు, కేరళమునకు, డిల్లీకి ఒక్కొక్కటి. మనకు ఉత్తరమున ఒడ్రులకు కలదు. దక్షిణమున తమిళులకు కలదు. పడమట కన్నడిగులకు కలదు. నడుమనున్న రెండు తెలుగు రాష్ట్రములకు ఒక్క జట్టైనను లేదు. ధనము లేకనా? మనకంటె ధనమున అధికులు కాని ఒడ్రులు రెండు జట్లను నిలిపిరి. బాలికలలో శక్తి లేకనా? సౌమ్యయే దానికి సమాధానము. లోపము ధనమున లేదు, బాలికలయందును లేదు. మన పూనికయందే ఉన్నది.

ఈ యాట మన నేలకు క్రొత్తదియు కాదు. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుమారులు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొనినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీముగారి శిక్షణముననే భారత జట్టు 1951, 1962 సంవత్సరముల ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను పొందినది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్కులందు నాలుగవ స్థానమున నిలిచినది. ఆ వైభవమునకు మూల మేమి? ఆటగానికి పోలీసు శాఖ ఉద్యోగ మిచ్చినది. నెల తిరుగగనే జీతము చేతికి వచ్చినది. రేపటి కూటికి వెరవక అతడు మైదానమున దిగెను. మణిపురమున పోలీసు శాఖ స్త్రీల జట్టును నిలిపి 2018-19 లీగున తుది యాట వరకు నడిపినది. నాడు హైదరాబాదున పురుషులకు జరిగినది, తరువాత మణిపురమున స్త్రీలకు జరిగినది, మన పోలీసు శాఖలు మన బాలికలకు ఏల చేయరాదు?

ఆడుపిల్లలకు కాలిబంతి తగదని తల యాడించువారు మనలో నింకను కలరు. వారు ఇంగ్లండు దేశపు చరిత్రము నొకసారి తిలకింతురు గాక. 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూలు నగరమున ప్రెస్టన్ కర్మాగార స్త్రీల జట్టు ఆడగా చూచుటకు సుమారు 53,000 మంది వచ్చిరి. అట్టి ఆటలవలన వచ్చిన ధనము ధర్మకార్యములకు పోవుచుండెను. మరుసటి డిసెంబరునందే అచ్చటి ఫుట్‌బాలు సంఘమువారు ఈ యాట స్త్రీలకు తగినది కాదని తీర్మానించి, తమ క్లబ్బుల మైదానములలో వారి నాడనీయరాదని శాసించిరి. ఆ నిషేధము సుమారు అర్ధశతాబ్దము నిలిచినది. స్త్రీల ఆట అంతరింపలేదు గాని, రెండు తరముల బాలికలు తోటలలోను బీళ్ళలోను ఆడుకొనవలసివచ్చినది. మైదానములు తెరచి, లీగులు నడిపి, జీతము లిచ్చిన పిమ్మట ఆ దేశపు స్త్రీలే 2022లోను 2025లోను ఐరోపా ఖండమున విజేతలైరి. తగదని చెప్పిన పెద్దలు ఏబది యేండ్లు పోగొట్టిరి. తప్పు వారిది, నష్టము బిడ్డలది. మనకు అట్టి శాసన మేదియు లేదు. కాని మైదాన మీయక, పంపక, చూడక ఊరకుండుటయు నొక నిషేధమే.

మైదానము దొరకిన చోట మన స్త్రీలు ఏమి చేయగలరో 2025 జూలై 5వ తేదీన లోకమునకు తెలిసినది. ఆనాడు భారత స్త్రీల జట్టు థాయిలాండు జట్టును వారి దేశముననే 2-1 గోలులతో ఓడించి, 2026 ఆసియా కప్పునకు అర్హత సంపాదించుకొనినది. అర్హత పోటీలలో నెగ్గి ఆ కప్పునకు చేరుట అదియే ప్రథమము. లీగు బలపడినకొలది దేశపు జట్టు బలపడునని వేరుగ నిరూపింప నక్కరలేదు.

ఇక మన కర్తవ్యము. గ్రామములందలి భూస్వాములకు మా మనవి యేమనగా: పాఠశాలకు ఆనుకొనియున్న రెండెకరముల బీడు మీకు పెద్ద లెక్కలోనిది కాదు, దానిని చదును చేయించి బాలికల పేరిట విడువుడు. దేవళములకు మాన్యము లిచ్చిన వంశములు మీవి. ఇదియు నొక మాన్యమే. పట్టణములందలి వర్తకులును వకీళ్ళును చేరి జిల్లాకొక బాలికల జట్టు భారమును వహింపవలెను. పురపాలక సంఘములు మైదానములను పెండ్లిపందిళ్ళకును సంతలకును అద్దె కిచ్చుట మాని, వారమునకు మూడు సాయంకాలములు బాలికలకు కేటాయింపవలెను. తల్లిదండ్రుల భయము న్యాయమైనదే గనుక, స్త్రీ శిక్షకులను నియమించి, బిడ్డలు భద్రముగ ఇల్లు చేరు నేర్పాటు చేయవలెను. ప్రభుత్వ శాఖలు ఆటకత్తెలకు ఉద్యోగము లీయవలెను. ఇవి సమకూడిన పిమ్మట జిల్లా జట్లతో నాలుగు నెలల రాష్ట్ర లీగును నడిపి, అందు గెలిచిన జట్టును అఖిల భారత లీగు రెండవ శ్రేణికి పంపవచ్చును. అచ్చట గెలిచినచో మొదటి శ్రేణి ద్వారము తెరచియే యుండును.

ఇది ఒక్క యేట ముగియు పని కాదు. విత్తిన నాడే పంట కోయలేమని రైతులకు మేము చెప్ప బనిలేదు. కాని విత్తనివానికి ఎన్నటికిని పంట లేదు. రాబోవు సంక్రాంతి సెలవులలోనే జిల్లాకు నాలుగు పాఠశాలలైనను తమ బాలికలను మైదానమునకు దింపి పోటీ నడుపగలిగినచో అది మంచి యారంభము. పెద్దలు ముందుకు వత్తురు గాక.