దీర్ఘరోగుల పట్ల సమాజ ధర్మం: ఒక సూత్ర ప్రణాళిక

జబ్బుపడినవారికి సమాజం ఇచ్చే మినహాయింపు వెనుక ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది. అమెరికన్ సమాజశాస్త్రవేత్త టాల్కాట్ పార్సన్స్ 1951లో దీనిని ‘రోగి పాత్ర’గా వివరించాడు: రోగి రోజువారీ బాధ్యతల నుంచి తప్పుకోవచ్చు, జబ్బు తెచ్చుకున్నాడని అతనిని నిందించకూడదు, అందుకు ప్రతిగా అతడు కోలుకోవాలని కోరుకోవాలి, వైద్యుని మాట వినాలి. పది రోజుల్లో తగ్గే జ్వరానికి సరిపోయే ఈ ఒప్పందాన్ని జీవితాంతం వెంట ఉండే వ్యాధులకు వర్తింపజేయడం అన్యాయమని, కోలుకోలేకపోవడాన్ని రోగి లోపంగా చూసే దృష్టిని తిరస్కరిస్తున్నామని దీర్ఘరోగులు, వారి కుటుంబాలు, వారికి సేవచేసే వైద్యసిబ్బంది ఈ ప్రణాళిక ద్వారా ప్రకటిస్తున్నారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల నడుమ దశాబ్దాలుగా మనుషులను బలిగొంటున్న మూత్రపిండ వ్యాధికి కారణం ఇదేనని శాస్త్రం ఇంకా తేల్చలేదు. కారణం తేలనిచోట నింద సులువుగా చొరబడుతుంది. తాగిన నీటినీ, ఒళ్ళునొప్పులకు మింగిన మాత్రలనూ చూపి తప్పంతా రోగిదేనన్నట్టు మాట్లాడటం, ఆ ఊళ్ళతో వియ్యమందడానికి వెనకాడటం దాని రూపాలే. డయాలసిస్, అంటే పనిచేయని మూత్రపిండాలకు బదులు యంత్రంతో రక్తాన్ని శుద్ధిచేసే చికిత్స, సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు సాగుతుంది. అది ముగిసి నీరసంతో ఇల్లు చేరిన మనిషిని, చూడటానికి బాగానే ఉన్నాడు గనుక పనికి రావాలని ఒకరు, జబ్బుమనిషి గనుక ఏ పనీ చేయరాదని మరొకరు శాసించడం కంటే, ఏ రోజు ఏది చేయగలడో అతనినే అడగడం న్యాయం. రోగి స్త్రీ అయితే జబ్బుమనిషికి దక్కే పని మినహాయింపు కూడా వంటింటి గడప దాటి లోపలికి రాదు.

మూత్రపిండ మార్పిడికి అవసరమైన అవయవదానం విషయంలో ఈ ప్రణాళిక మరింత కచ్చితంగా మాట్లాడుతుంది. మన దేశంలో బతికుండగా మూత్రపిండం ఇచ్చేవారిలో అత్యధికులు స్త్రీలే. తల్లి, భార్య ఇచ్చి తీరాలన్న అంచనా కుటుంబంలో ఎవరూ పైకి అనకపోయినా పనిచేస్తూనే ఉంటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దాత స్వచ్ఛంద సమ్మతిని కోరుతున్నప్పటికీ, కాదనగల స్వేచ్ఛ లేనిచోట సంతకం సమ్మతి కానేరదు. అందువల్ల దాతతో ఏకాంతంగా మాట్లాడాలి, ఆమె వద్దంటే ఆ నిర్ణయాన్ని గోప్యంగా ఉంచాలి.

ఇక ఉద్యోగ రక్షణ సంగతి చూస్తే, హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిని ఉద్యోగంలో వివక్ష నుంచి కాపాడటానికి 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తన వైకల్యాల జాబితాలో తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వ్యాధులకు చోటిచ్చింది. ఆ జాబితాలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి లేదు. డయాలసిస్ వేళలకు అనువుగా పనివేళలు మార్చుకునే హక్కు యజమాని దయపై ఆధారపడకుండా చట్టంగా రావాలి.

1983లో అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్ రోగులు తమకు సంబంధించిన నిర్ణయాలన్నింటిలో తమకు భాగం ఉండాలని ప్రకటించారు. ఆ స్ఫూర్తిని ఈ ప్రణాళిక స్వీకరిస్తున్నది. ఉద్దానంలో ఎన్నో పరిశోధక బృందాలు రక్తం, నీటి నమూనాలు సేకరించాయి. నమూనా ఇచ్చిన ప్రతివారికీ దాని ఫలితం అర్థమయ్యే తెలుగులో చేరాలి, తదుపరి అధ్యయనాన్ని రూపొందించే సంఘంలో రోగులకు స్థానం ఉండాలి, నమూనా ఇవ్వనన్నవారి చికిత్సకు ఏ ఆటంకమూ కలగరాదు.