మేస్త్రీ ఒప్పుకుంటే చాలా?

హైటెక్ సిటీ దాటాక నానక్‌రాంగూడ వైపు, అద్దాల మేడలు కడుతున్న చోట రేకుల షెడ్లలో పాలమూరు కూలీలుంటారు. ఆ మధ్య ఒక విదేశీ విశ్వవిద్యాలయం విద్యార్థుల వెంట, మాటలు తర్జుమా చెయ్యడానికి అక్కడికి వెళ్లాను. ‘గ్లోబల్ హెల్త్’ చదువులో భాగంగా వారిది రెండు వారాల క్షేత్ర శిక్షణ. అనుమతి ఇచ్చింది మేస్త్రీ. ఇంకా డాక్టరు కాని ఒక విద్యార్థిని బాలింత గుండె మీద స్టెతస్కోపు పెట్టి చూసింది. “గోలీలు ఎప్పుడిస్తరమ్మా?” అని ఆ బాలింత నన్నడిగింది. వీళ్లు మందులివ్వడానికి రాలేదని ముందే చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

ఆ పిల్లలు శ్రద్ధగానే నేర్చుకుంటున్నారు, వాళ్లననడం లేదు. పేద స్త్రీ శరీరం దాకా వెళ్లడానికి ఎవరిని అడుగుతున్నామన్నదే ప్రశ్న. ఇది మనకు పాతదే. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజక్షన్లను పరీక్షిస్తున్నప్పుడు, అది ప్రయోగమన్న సంగతి అక్కడికొచ్చిన స్త్రీలకు తెలియదు. స్త్రీ శక్తి సంఘటన మిత్రులు వెళ్లి నిలదీశారు, 1986లో సుప్రీంకోర్టుకెక్కారు. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ సంస్థ, ఐసిఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పివి టీకాలు వేయించాయి. తర్వాత పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు! 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

టీకా వెయ్యడమూ ప్రశ్నలడగడమూ ఒకటి కాదు, నిజమే. కానీ వార్డెన్ సంతకంతోనైనా మేస్త్రీ మాటతోనైనా జరిగేది ఒకటే: ఆమెను అడగకుండానే పని మొదలవుతుంది. (మన వైద్య విద్యార్థిని అమెరికా ఆసుపత్రికి పరిశీలకురాలిగా వెళ్తే రోగిని ముట్టుకోనివ్వరు.)

ఇలాంటి శిక్షణకు 2010లోనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి మార్గదర్శకాలు రాసింది. విద్యార్థి తన శిక్షణకు మించిన పని చెయ్యకూడదని, ఆతిథ్యమిచ్చే వారి ఖర్చులు భరించాలని అందులో ఉంది. మరి పని లెక్కన పారితోషికం తీసుకునే ఆశా కార్యకర్త వాళ్లను ఇల్లిల్లూ తిప్పిన పూటకు ఎవరు లెక్క కడుతున్నారు?

మన సంఘాలకూ ఇలాంటి ఉత్తరాలొస్తుంటాయి, వాటితో కాస్త డబ్బూ వస్తుంది. ఒప్పుకునే ముందు బస్తీ స్త్రీలతో కూర్చుని మాట్లాడదాం. వచ్చేదెవరో, ఏం చెయ్యరో తెలుగులో, ఉర్దూలో, కూలీల సొంత భాషలో చెబుదాం. జబ్బు బయటపడితే ఏ ఆసుపత్రికి, ఎవరు తీసుకెళ్తారో ముందే రాయించుకుందాం. వాళ్లు వద్దంటే ఆ ఉత్తరానికి వద్దనే జవాబు రాద్దాం.