కమ్మీ మీది సన్నని గీత

మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చిన మా వియ్యంకులు సంచిలో నుండి రంగుల కరపత్రం ఒకటి తీసి నా ముందుంచారు. మధుమేహానికి మూలికా చూర్ణం విక్రయించే ఒక సంస్థ దానిని అచ్చు వేయించింది. అందులో రెండు కమ్మీల రేఖాచిత్రం ఉన్నది. చూర్ణం వాడని వారి కమ్మీ పొట్టిది, వాడిన వారిది పొడవైనది. పరగడుపు చక్కెర ఎంత తగ్గినదో ఆ కమ్మీల ఎత్తు తెలుపుతుందట. "చూశారా బావగారూ, శాస్త్రీయంగా నిరూపించారు. ఇక మాత్రలు మానేద్దామనుకుంటున్నాను" అన్నారాయన. పన్నెండేళ్లుగా ఆయన మాత్రల మీదనే ఉన్నారు.

ప్రతి కమ్మీ కొసన ఇంగ్లీషు 'ఐ' అక్షరం వంటి సన్నని నిలువు గీత ఉన్నది. అదేమిటని అడిగాను. "అచ్చులో వేసిన అలంకారమేమో!" అన్నారు.

ముప్పది సంవత్సరాలు కళాశాలలో జంతుశాస్త్రం బోధించినవాడిగా నా అభిప్రాయం ఇది: ఆ చిత్రంలో మొదట చదువవలసినది కమ్మీని కాదు, ఆ గీతను. దానిని ఎర్రర్ బార్ అంటారు. ఇక్కడ ఎర్రర్ అంటే తప్పు అని అర్థం కాదు. కొలతలలోని హెచ్చుతగ్గులను, లేదా సగటును గురించి మనకున్న సందేహాన్ని ఆ గీత చూపుతుంది. ఈ రెండింటిలో దేనిని చూపుతున్నదో చిత్రం క్రింద వ్రాయకపోతే ఆ గీత వేసీ ప్రయోజనం లేదు.

లెక్క కోసం ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఐదుగురు ఒక చూర్ణం వాడారు. పరగడుపు చక్కెర ఒకరికి 90 మిల్లీగ్రాములు తగ్గింది, మరొకరికి 60, ఇంకొకరికి 20. నాలుగవ వారికి మార్పే లేదు. ఐదవ వారికి 20 పెరిగింది. సగటున 30 తగ్గినట్లు లెక్క తేలుతుంది, కమ్మీ 30 దగ్గర నిలుస్తుంది. చక్కెర పెరిగిన ఆ ఐదవ వ్యక్తి ఆ కమ్మీలో ఎక్కడా కానరాడు.

ఈ ఐదుగురి మధ్య గల వ్యత్యాసాన్ని కొలిస్తే ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) సుమారు 45 వస్తుంది. దానిని గీతగా గీస్తే క్రింది కొస సున్నాను దాటి దిగువకు పోతుంది. అదే సంఖ్యను ఐదు వర్గమూలంతో భాగిస్తే 20 వస్తుంది. ఇది ప్రామాణిక దోషం (స్టాండర్డ్ ఎర్రర్). దీనితో గీసిన గీత 10 నుండి 50 వరకే ఉంటుంది, కమ్మీ ఎంతో స్థిరంగా ఉన్నట్లు కనిపిస్తుంది. ఇక మూడవది 95 శాతం విశ్వాస అంతరం. ఇదే ప్రయోగాన్ని పదే పదే చేసి ఈ పద్ధతిలో హద్దులు గీస్తే, నూటికి 95 సార్లు నిజమైన సగటు ఆ హద్దుల మధ్య ఉంటుంది. మన ఐదుగురికి ఆ హద్దులు సుమారు మైనస్ 25 నుండి 85 వరకు వస్తాయి. అంటే ఈ చూర్ణం అసలు పనిచేయకపోవడానికి కూడా అవకాశమున్నది. రోగులు వారే, అంకెలు అవే, గీతలు మాత్రం మూడు రకాలు! అమ్మేవారు ఏ గీతను ఎంచుకుంటారో వేరే చెప్పనక్కరలేదు.

(కొద్దిమందితో చేసే ప్రయోగాలలో ఈ హద్దులు ఎంత విశాలం కావాలో 1908లో లెక్కగట్టినది గోసెట్ అనే ఆయన. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో ఉద్యోగి. 'స్టూడెంట్' అనే మారుపేరుతో దానిని ప్రచురించాడు. ఆయన లెక్క ప్రకారం ముగ్గురితోనే ప్రయోగం చేస్తే ప్రామాణిక దోషానికి 4.3 రెట్ల మేర అటూ ఇటూ గీయాలి.)

ఇతరులను నిందించే ముందు నా సంగతి చెప్పుకోవాలి. పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజులలో ఒకే ఎలుక కాలేయాన్ని నూరి, మూడు పరీక్షనాళికలలో పోసి, మూడు కొలతలు తీసి 'సంఖ్య మూడు' అని వ్రాశాను. గీత చక్కగా, పొట్టిగా వచ్చింది. ఎవరూ ఆక్షేపించలేదు. అన్నం ఉడికినదో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. ఆ కుండ వరకు అది నిజమే. ఒకే కుండలో మూడు మెతుకులు పట్టి, ఊరందరి అన్నమూ ఉడికిందన్నట్లున్నది నేను చేసిన పని. 2007లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కమింగ్, ఫిడ్లర్, వాక్స్ 'జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ'లో ఈ విషయమే హెచ్చరించారు. గీత దేనిని సూచిస్తుందో చెప్పాలి, స్వతంత్ర ప్రయోగాల సంఖ్య చెప్పాలి, ఒకే నమూనాను మళ్లీ మళ్లీ కొలిచి దానిని సంఖ్యగా చూపరాదు అన్నారు.

రెండు గుంపుల ప్రామాణిక దోషపు గీతలు ఒకదాని ఎత్తులోకి మరొకటి చొచ్చుకొని ఉంటే ఆ తేడా రుజువైనట్లు కాదు. అవి విడివిడిగా ఉన్నంత మాత్రాన రుజువైనట్లూ కాదు. ఒకే రోగుల 'ముందు', 'తరువాత' కమ్మీలైతే ఈ పోలిక పనికిరాదు. ఒక్కొక్కరిలో వచ్చిన మార్పుకు వేరుగా గీత కావాలి.

ఇంటి వైద్యపు పత్రికకు ఈ లెక్కలెందుకని కొందరు అడుగవచ్చు. ఆయుర్వేదాభిమానులకే ఇవి ఎక్కువ అవసరమని నేనంటాను. చరకసంహిత విమానస్థానం చెప్పిన దశవిధ పరీక్షలో మొదటిది ప్రకృతి. ఒకరికి పడినది మరొకరికి పడదని మన వైద్యులు ఏనాడో గుర్తించారు. రోగికీ రోగికీ మధ్య గల ఆ భేదమే ప్రామాణిక విచలనంలో అంకెగా కనిపిస్తుంది. దానిని దాచి సగటు ఒక్కటే చూపే కరపత్రం ఆయుర్వేద దృష్టికే విరుద్ధం. పదిమంది, ఇరవైమందితో చేసిన ప్రయోగమైతే కమ్మీలు మాని ఒక్కొక్క రోగికి ఒక్కొక్క చుక్క పెట్టి చూపడం ఇంకా మేలు.

మెంతులనే తీసుకోండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో మెంతులు వాడినప్పుడు పరగడుపు చక్కెర తగ్గింది. అయితే పాల్గొన్నవారు పదిమంది, వాడినది పదిరోజులు. మోతాదు రోజుకు 100 గ్రాములు, అదీ కొవ్వు తీసిన పొడి. రాత్రి చెంచాడు మెంతులు నానబెట్టి ఉదయం తినే మనకు అదే ఫలితం వస్తుందని ఆ అధ్యయనం చెప్పడం లేదు.

మా వియ్యంకుల కరపత్రంలో గీత దేనిదో లేదు, ఎంతమందో లేదు. రెండు ప్రశ్నలతో కార్డు వ్రాయించి ఆ సంస్థకు పంపించాను. జవాబు రాలేదు. ఆయన మెంతులు తింటున్నారు, వైద్యుని సలహాపై మాత్రలూ వేసుకుంటున్నారు.